సమన్వయ నగర ప్రణాళిక: భారతదేశంలో పాలనా సంస్కరణలు

సమన్వయ నగర ప్రణాళిక అంటే నగరానికి, దాని చుట్టూ పెరుగుతున్న ప్రాంతానికి సంబంధించిన భూవినియోగం, రహదారులు, తాగునీరు, మురుగునీటి పారుదల, ప్రజారవాణా, గృహవసతి, చెరువులు, ఖాళీ స్థలాల వ్యవహారాలను ఏ శాఖకు ఆ శాఖ విడిగా కాకుండా ఒకే పరిధిలో, ఒకే కాలవ్యవధికి, ఎన్నికైన స్థానిక సంస్థల భాగస్వామ్యంతో నిర్ణయించి అమలు చేసే పద్ధతి. రాష్ట్ర ప్రభుత్వం లేదా అది నియమించిన సంస్థ బృహత్ ప్రణాళికను (మాస్టర్ ప్లాన్) తయారుచేసి పైనుంచి అమలు చేసే కేంద్రీకృత విధానానికి ప్రత్యామ్నాయంగా ఇది రూపొందింది. భారతదేశంలో దీనికి రాజ్యాంగపరమైన ఆధారం 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ.

1. నిర్వచనం, పరిధి

నగరాల విషయంలో కేంద్రీకరణ అన్నప్పుడు కేంద్ర ప్రభుత్వ పెత్తనం అని అర్థం కాదు. పట్టణాభివృద్ధి, స్థానిక పాలన రాష్ట్రాల పరిధిలోని అంశాలు. కాబట్టి ఇక్కడ అధికారం పోగుపడేది రాష్ట్ర రాజధానిలోని సచివాలయంలో. మాస్టర్ ప్లాన్‌ను ఆమోదించడం, భూవినియోగ మార్పిడికి ఉత్తర్వులివ్వడం, కమిషనర్లను నియమించడం, పెద్ద పనులకు నిధులు విడుదల చేయడం చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ స్థాయిలోనే జరుగుతాయి.

ఈ కేంద్రీకరణకు తోడుగా క్షేత్రస్థాయిలో విభజన కనిపిస్తుంది. నీటికి ఒక మండలి, గృహనిర్మాణానికి ఒక బోర్డు, భూమికి ఒక అభివృద్ధి సంస్థ, మెట్రో రైలుకు ఒక కంపెనీ, కరెంటుకు పంపిణీ సంస్థ ఉంటాయి. ఇవన్నీ వేర్వేరు శాఖల ద్వారా ప్రభుత్వానికి జవాబుదారీగా ఉంటాయి తప్ప నగరపాలక సంస్థకు కాదు. దాంతో వీటిని కలిపే స్థానం నగరంలో కాకుండా ముఖ్యమంత్రి లేదా ప్రధాన కార్యదర్శి స్థాయిలో ఏర్పడుతుంది. సంస్కరణల చర్చంతా ఈ స్థానాన్ని నగర స్థాయికి ఎలా తీసుకురావాలన్న ప్రశ్న చుట్టూ నడిచింది.

వికేంద్రీకరణ, సమన్వయం ఒకటి కావు. అధికారాన్ని కింది సంస్థలకు బదలాయించడం వికేంద్రీకరణ. ఆ సంస్థల నిర్ణయాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా చూడటం సమన్వయం. మొదటిది ఉండి రెండోది లేకపోతే పక్కపక్క పురపాలక సంఘాల రోడ్లు కలవవు. రెండోది ఉండి మొదటిది లేకపోతే నిర్ణయాల్లో వార్డు ప్రజల మాటకు చోటుండదు.

2. చరిత్ర

2.1 ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టుల కాలం

ఎన్నికైన పురపాలక సంఘాన్ని పక్కనపెట్టి నగర నిర్మాణాన్ని ప్రత్యేక సంస్థకు అప్పగించే పద్ధతి వలస పాలనలో మొదలైంది. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలడంతో 1898లో బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. కలకత్తాలో 1911 చట్టంతో ఇలాంటి ట్రస్టే వచ్చింది. ఇరుకు బస్తీలను తొలగించడం, వెడల్పాటి రోడ్లు వేయడం, కొత్త కాలనీలకు స్థలాలు అభివృద్ధి చేయడం వీటి ప్రధాన పనులు.

నిజాం రాజ్యంలో ఇదే తరహా సంస్థ 1912లో హైదరాబాద్‌లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద దీనికి నేపథ్యం. వరదల నివారణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వచ్చాయి.

1914లో భారతదేశానికి వచ్చిన స్కాట్లండ్ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ ట్రస్టుల కూల్చివేత పద్ధతిని విమర్శించాడు. ముందు ఊరిని సర్వే చేయాలని, అవసరమైన మేరకే మార్పులు చేయాలని, అక్కడి నివాసులను ప్రణాళికలో భాగస్వాములను చేయాలని వాదించాడు. బొంబాయి రాష్ట్రంలో 1915లో, మద్రాసు రాష్ట్రంలో 1920లో పట్టణ ప్రణాళిక చట్టాలు వచ్చాయి. మద్రాసు చట్టం కోస్తా, రాయలసీమ పట్టణాలకూ వర్తించింది.

2.2 అభివృద్ధి సంస్థల కాలం

స్వాతంత్ర్యం తరువాత ట్రస్టుల స్థానాన్ని అభివృద్ధి సంస్థలు తీసుకున్నాయి. 1957 చట్టంతో ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ), అది అమలు చేసిన 1962 మాస్టర్ ప్లాన్ ఇతర రాష్ట్రాలకు నమూనా అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద హైదరాబాద్‌కు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా), 1978లో విశాఖపట్నానికి వుడా, విజయవాడ–గుంటూరు–తెనాలి–మంగళగిరి ప్రాంతానికి మరో పట్టణాభివృద్ధి సంస్థ (ఉడా) ఏర్పడ్డాయి. బెంగళూరు అభివృద్ధి సంస్థ 1976లో వచ్చింది.

భూమిని సేకరించి, లేఅవుట్లు వేసి, ప్లాట్లు అమ్మి ఆదాయం సంపాదించుకునే వెసులుబాటు ఈ సంస్థలకు ఉండేది. ప్రణాళిక వేసేవారే భూమి వ్యాపారం కూడా చేయడం, లేఅవుట్ పూర్తయ్యాక నిర్వహణ భారం పురపాలక సంఘం మీద పడటం తరువాతి కాలంలో విమర్శలకు కారణమయ్యాయి.

2.3 74వ రాజ్యాంగ సవరణ

ఈ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. పన్నెండో షెడ్యూలులో 18 విధులను చేర్చింది. వాటిలో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగ, భవన నిర్మాణ నియంత్రణ. ప్రణాళికా సమన్వయానికి సంబంధించి ముఖ్యమైన అధికరణలు ఇవి:

• 243 ఎస్: 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలికల్లో వార్డు కమిటీలు.
• 243 వై: స్థానిక సంస్థల ఆర్థిక స్థితిని రాష్ట్ర ఆర్థిక సంఘం సమీక్షించడం.
• 243 జెడ్‌డి: జిల్లా ప్రణాళికా సంఘం. సభ్యుల్లో కనీసం ఐదింట నాలుగు వంతుల మంది స్థానిక సంస్థల నుంచి ఎన్నికైనవారు కావాలి.
• 243 జెడ్‌ఇ: 10 లక్షలు, అంతకు మించిన జనాభా గల మహానగర ప్రాంతాలకు మహానగర ప్రణాళికా సంఘం. సభ్యుల్లో కనీసం మూడింట రెండు వంతుల మందిని అక్కడి పురపాలికల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచే ఎన్నుకోవాలి.

మహానగర ప్రణాళికా సంఘం ముసాయిదా అభివృద్ధి ప్రణాళికను తయారుచేసేటప్పుడు కింది సంస్థల ప్రణాళికలను, స్థల సంబంధ ప్రణాళికల సమన్వయాన్ని, నీరు తదితర సహజ వనరుల పంపకాన్ని, మౌలిక వసతులను, పర్యావరణ పరిరక్షణను దృష్టిలో పెట్టుకోవాలని రాజ్యాంగం నిర్దేశించింది. అయితే విధుల బదలాయింపు ఎంత మేరకన్నది రాష్ట్ర శాసనసభల నిర్ణయానికి వదిలింది. అమలులో రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా రావడానికి ఇదే ప్రధాన కారణం.

2.4 2005 తరువాత

2005 డిసెంబరులో మొదలైన జవాహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం నిధుల విడుదలను సంస్కరణలతో ముడిపెట్టింది. పట్టణ ప్రణాళికను స్థానిక సంస్థలకు అప్పగించడం, ప్రజా భాగస్వామ్య చట్టం చేయడం ఆ షరతుల్లో ఉన్నాయి. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పెద్ద నగరాల్లో ఏకీకృత మహానగర రవాణా సంస్థ (ఉమ్టా) ఉండాలని సూచించగా, 2017 మెట్రో రైలు విధానం దాన్ని కేంద్ర సహాయానికి షరతుగా మార్చింది. 2015 జూన్‌లో ప్రారంభమైన స్మార్ట్ సిటీస్ మిషన్ 100 నగరాల్లో ప్రత్యేక కంపెనీల ద్వారా పనులు చేపట్టింది. నిర్ణయాలు వేగంగా జరుగుతాయన్నది దీనికి అనుకూల వాదన. ఎన్నికైన కౌన్సిల్‌ను దాటి మరో సంస్థను నిలబెట్టారన్నది ప్రతికూల వాదన.

3. సమన్వయ రూపాలు

ఎ) ప్రణాళికా సంఘం: స్థానిక సంస్థల ప్రతినిధులు మెజారిటీగా ఉండి, సమగ్ర ప్రణాళికను ఆమోదించే వేదిక. పశ్చిమ బెంగాల్ 1994లో ఇందుకు చట్టం చేసి, 2001లో కోల్‌కతా మహానగర ప్రణాళికా సంఘాన్ని ఏర్పాటు చేసింది. అక్కడి మహానగర అభివృద్ధి సంస్థ దీనికి సాంకేతిక సహకారం అందిస్తుంది.

బి) ప్రాంతీయ అభివృద్ధి సంస్థ: రాష్ట్ర ప్రభుత్వం నియమించే సంస్థే ప్రణాళికనూ, పెద్ద ప్రాజెక్టులనూ చూస్తుంది. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఈ కోవలోది. ముఖ్యమంత్రి దీనికి అధ్యక్షుడు.

సి) విలీనం: శివారు పురపాలికలను కలిపి ఒకే పెద్ద నగరపాలక సంస్థగా చేయడం. పరిధి ఒకటవుతుంది గానీ వార్డు మరీ పెద్దదై కార్పొరేటర్‌కు, ఓటరుకు మధ్య దూరం పెరుగుతుంది.

డి) రెండంచెల పాలన: కింద పలు నగరపాలక సంస్థలు, పైన ఉమ్మడి సంస్థ. కర్ణాటకలో గ్రేటర్ బెంగళూరు పాలనా చట్టం (2024) 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది. పూర్వపు మహానగర పాలికె స్థానంలో ఐదు నగరపాలక సంస్థలు, వాటిపై ముఖ్యమంత్రి అధ్యక్షుడుగా ఒక ప్రాధికార సంస్థ ఏర్పడ్డాయి. లండన్‌లోనూ రెండంచెల పాలన ఉంది. అక్కడ 1986లో గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ను రద్దు చేశాక నగరమంతటికీ ఎన్నికైన పాలక సంస్థ లేకుండా పోయింది. 2000లో ప్రత్యక్షంగా ఎన్నికైన మేయరుతో కొత్త సంస్థ వచ్చింది. రవాణా సంస్థ మేయరు కింద ఉంటుంది. 32 బరోల స్థానిక ప్రణాళికలు ‘లండన్ ప్లాన్’కు స్థూలంగా అనుగుణంగా ఉండాలి.

ఇ) రంగాలవారీ సమన్వయం: రవాణా లేదా నీరు వంటి ఒక్క రంగానికే పరిమితమైన ఉమ్మడి సంస్థ. తమిళనాడు 2010 చట్టంతో చెన్నైకి ఏకీకృత మహానగర రవాణా సంస్థను ప్రతిపాదించింది.

ఎఫ్) ప్రజా భాగస్వామ్య ప్రణాళిక: కింది నుంచి పనుల జాబితా, బడ్జెట్ తయారు కావడం. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లో భాగస్వామ్య బడ్జెట్‌ను ప్రారంభించింది. 1996లో కేరళలో మొదలైన ప్రజా ప్రణాళికా ఉద్యమం పంచాయతీలతోపాటు పురపాలికలకూ ప్రణాళికా నిధుల్లో పెద్ద వాటా ఇచ్చింది.

4. పనితీరు

4.1 ప్రణాళిక తయారీ

మాస్టర్ ప్లాన్ తయారీ సర్వేతో మొదలవుతుంది. ప్రస్తుత భూవినియోగ పటం, జనాభా అంచనా, రోడ్ల వెడల్పులు, చెరువులు, నాలాల హద్దులు నమోదు చేస్తారు. నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ, పరిరక్షణ మండలాలుగా (జోన్లు) విభజించి ముసాయిదా ప్రకటిస్తారు. నిర్ణీత గడువులో ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు స్వీకరించి, ప్రభుత్వ ఆమోదంతో తుది ప్రణాళికను నోటిఫై చేస్తారు. సాధారణంగా దీని కాలపరిమితి 20 ఏళ్లు.

సమన్వయ విధానంలో దీనికి మూడు అంశాలు తోడవుతాయి. నీరు, మురుగు, రవాణా సంస్థల పెట్టుబడి ప్రణాళికలు అదే పటం మీద రూపొందాలి. వార్డు లేదా స్థానిక ప్రాంత స్థాయిలో వివరమైన ప్రణాళిక ఉండాలి. ఏ పని ఏ ఏడాది ఏ బడ్జెట్ నుంచి జరుగుతుందో ముందే తేలాలి. మూడోది లోపించినప్పుడు మాస్టర్ ప్లాన్‌లో గీసిన రోడ్డు కాగితం మీదే ఉండిపోతుంది. ఆ లోపు దాని దారిలో ఇళ్లు వెలుస్తాయి.

4.2 భూమి

రోడ్లకూ పార్కులకూ భూమి సమకూర్చుకునే మార్గాలు నాలుగు: భూసేకరణ, లేఅవుట్ అనుమతిలో భాగంగా ఖాళీ స్థలం తీసుకోవడం, అభివృద్ధి హక్కుల బదలాయింపు పత్రం (టీడీఆర్), భూసమీకరణ. గుజరాత్‌లో 1976 చట్టం కింద నడిచే టౌన్ ప్లానింగ్ స్కీముల్లో యజమానుల భూములన్నీ కలిపి, రోడ్లు, సదుపాయాలకు కొంత మినహాయించి, మిగతాది క్రమబద్ధమైన ప్లాట్లుగా ఎవరిది వారికి తిరిగి ఇస్తారు. 2001 భూకంపం తరువాత భుజ్ పట్టణ పునర్నిర్మాణంలోనూ ఈ పద్ధతినే వాడారు.

4.3 నిధులు

ఆస్తి పన్ను, భవన అనుమతి రుసుములు, అభివృద్ధి చార్జీలు, రాష్ట్ర, కేంద్ర గ్రాంట్లు, బాండ్లు నగరాల ప్రధాన ఆదాయ మార్గాలు. అభివృద్ధి చార్జీలు వసూలు చేసే సంస్థ వేరు, రోడ్డు ఊడ్చి దీపం వెలిగించే సంస్థ వేరు అయినప్పుడు వాటాల పంపకం వివాదమవుతుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షలు దాటిన నగర సముదాయాలకు వాయు నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యం ఫలితాలతో ముడిపెట్టి గ్రాంట్లు సిఫార్సు చేసింది. గ్రాంటుకు ప్రాతిపదిక ఒక్క పురపాలిక కాకుండా మొత్తం సముదాయం కావడం ఇందులోని కొత్తదనం.

4.4 అమలు

రోజువారీ సమన్వయానికి సాధారణ ఉదాహరణ రోడ్ కటింగ్ అనుమతి. మంచినీటి పైపు, కేబుల్, డ్రైనేజీ పనులకు రోడ్డు తవ్వేముందు సంబంధిత సంస్థ నగరపాలక సంస్థకు రుసుము చెల్లించి అనుమతి తీసుకోవాలి. అన్ని సంస్థల వార్షిక పనుల జాబితాను ముందే సరిచూస్తే పైపు వేశాకే తారు పడుతుంది. సరిచూడకపోతే కొత్త రోడ్డును వెంటనే తవ్వాల్సి వస్తుంది.

5. హైదరాబాద్

5.1 సంస్థల పరిణామం

హైదరాబాద్, సికింద్రాబాద్ నగరపాలక సంస్థలు 1960లో ఒకటయ్యాయి. 1989లో తాగునీరు, మురుగునీటి నిర్వహణ కోసం ప్రత్యేక చట్టంతో జలమండలి ఏర్పడింది. హుడా పరిధిలోనే పాతబస్తీకి కులీ కుతుబ్ షా సంస్థ, హుస్సేన్‌సాగర్ పరిసరాలకు బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు సంస్థ, ఐటీ ప్రాంతానికి సైబరాబాద్ సంస్థ, శంషాబాద్ వైపు విమానాశ్రయ ప్రాంత సంస్థ ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి.

2007 ఏప్రిల్ 16న 12 పురపాలికలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను (జీహెచ్‌ఎంసీ) ఏర్పాటు చేశారు. విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లయింది. 2008 ఆగస్టులో హుడాను, బుద్ధపూర్ణిమ, సైబరాబాద్, విమానాశ్రయ సంస్థలను కలిపి 7 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరిధితో హెచ్‌ఎండీఏ వచ్చింది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి (ఓఆర్‌ఆర్) దీని పరిధిలోనిదే. మహానగర ప్రాంతానికి 2031 వరకు వర్తించే మాస్టర్ ప్లాన్ 2013లో నోటిఫై అయింది.

అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2007లో మహానగర ప్రణాళికా సంఘం చట్టం చేసింది. అయినా ఎన్నికైన సభ్యుల మెజారిటీతో పనిచేసే సంఘం హైదరాబాద్‌లో స్థిరపడలేదు. ప్రణాళికా బాధ్యత హెచ్‌ఎండీఏ దగ్గరే ఉంది.

రవాణాలోనూ ఇదే పరిస్థితి. బస్సులు ఆర్టీసీవి, 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు దక్షిణ మధ్య రైల్వేవి, 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో మరో సంస్థది. వీటిని కలిపేందుకు 2008లో ఏర్పడిన ఉమ్టాకు సొంత నిధులు, టికెట్ ధరలపై అధికారం లేవు.

5.2 చెరువు: ఒక ఉదాహరణ

హైదరాబాద్ చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు నాలా గుండా కింది చెరువుకు, చివరకు మూసీకి చేరుతుంది. ఒకే చెరువు మీద అధికారం ఉన్న కార్యాలయాలు అనేకం. కట్ట, తూము, అలుగు నీటిపారుదల శాఖవి. శిఖం (చెరువు లోపలి) భూమి రికార్డులు రెవెన్యూ శాఖవి. పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దును నిర్ధారించి నోటిఫై చేసే చెరువుల పరిరక్షణ కమిటీ హెచ్‌ఎండీఏ కింద ఉంది. నాలా పూడిక తీసేదీ, పక్కన ఇంటికి అనుమతి ఇచ్చేదీ జీహెచ్‌ఎంసీ. చెరువులో కలిసే మురుగు జలమండలి బాధ్యత. నీటి నాణ్యతను కాలుష్య నియంత్రణ మండలి పరీక్షిస్తుంది. ప్లాటు రిజిస్ట్రేషన్ స్టాంపుల శాఖలో జరుగుతుంది.

2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్ జోన్‌గా వదలాలి. శిఖంలో పట్టా భూములు కూడా ఉంటాయి. నీరు తగ్గిన కాలంలో అక్కడ సాగు చేసుకోవచ్చు గానీ కట్టడాలు కట్టకూడదు. ఎఫ్‌టీఎల్ హద్దు నోటిఫై కాకముందే ప్లాట్లు అమ్ముడుపోయిన చోట ఈ నిబంధన అమలు కోర్టు వివాదంగా మారుతుంది. 2020 అక్టోబరు వరదల్లో చెరువుల కింది కాలనీలు మునగడంతో ఈ విషయం మళ్లీ చర్చకు వచ్చింది. 2024 జులైలో ఓఆర్‌ఆర్ వరకు పరిధితో విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ (హైడ్రా) ఏర్పడింది. చెరువుల ఆక్రమణల తొలగింపు ఒకే చేతి కిందకు రావడాన్ని కొందరు సమర్థించారు. పూర్వం ఇచ్చిన అనుమతులు, రిజిస్ట్రేషన్లను నమ్మి కొన్నవారి నష్టానికి బాధ్యులెవరని మరికొందరు ప్రశ్నించారు.

5.3 ఇటీవలి మార్పులు

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ భవన అనుమతులను ఆన్‌లైన్ చేసింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి నమోదు సరిపోయేలా చేసింది. 600 చదరపు గజాల వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే ఏర్పాటు చేసింది. అంతకు మించితే శాఖలన్నింటి అనుమతి ఏకగవాక్ష పద్ధతిలో ఇవ్వడానికి 21 రోజుల గడువు పెట్టింది. 2023 జూన్‌లో జీహెచ్‌ఎంసీ వార్డు కార్యాలయాలను ప్రారంభించింది. 2025లో హెచ్‌ఎండీఏ పరిధిని విస్తరించారు. ముచ్చర్ల వైపు ప్రాంతానికి ‘ఫ్యూచర్ సిటీ’ అభివృద్ధి సంస్థను విడిగా ఏర్పాటు చేశారు. అదే ఏడాది చివర శివారుల్లోని 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపే నిర్ణయం జరిగింది.

6. ఆంధ్రప్రదేశ్

రాష్ట్ర విభజన తరువాత 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం వచ్చింది. విజయవాడ–గుంటూరు ఉడా ఇందులో కలిసింది. అమరావతికి భూసమీకరణ కింద రైతులు 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ప్రతిఫలంగా వారికి అభివృద్ధి చేసిన నివాస, వాణిజ్య ప్లాట్లు, పదేళ్లపాటు కౌలు ఇవ్వాలన్నది ఒప్పందం. జరీబు (సాగునీటి వసతి గల) భూమికి, మెట్ట భూమికి ప్యాకేజీ వేరు. 2020లో సీఆర్‌డీఏ చట్టాన్ని రద్దు చేసి, 2021లో ఆ రద్దును వెనక్కి తీసుకున్న కాలంలో ప్లాట్ల అభివృద్ధి ఆగిపోయింది. ప్రణాళిక అంతా ఒకే సంస్థ చేతిలో ఉన్నప్పుడు ప్రభుత్వ విధానం మారితే ఏమవుతుందో ఇది చూపింది. 2016లో ఇతర అభివృద్ధి సంస్థలకు కొత్త చట్టం చేశారు. దాని కింద విశాఖ వుడా 2018లో మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) అయింది. గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ 2005లోనే ఏర్పడింది.

7. ప్రాధాన్యం

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో 31.16 శాతం, అంటే సుమారు 37.7 కోట్ల మంది పట్టణవాసులు. పది లక్షలు దాటిన నగర సముదాయాలు 53. పట్టణ లక్షణాలున్నా పురపాలిక హోదా లేని ‘సెన్సస్ పట్టణాలు’ 3,800కు పైగా ఉన్నాయి. పంచాయతీ పాలనలోనే ఉన్న ఈ ఊళ్లు మహానగరాల అంచుల్లోనూ ఉన్నందున, నగరపాలక సంస్థ హద్దుకే పరిమితమైన ప్రణాళిక వీటిని చేరదు. వరద, భూగర్భజలం, చెత్త డంపింగ్ యార్డు, రోజూ పనికి వచ్చిపోయేవారి ప్రయాణం పాలనా హద్దులకు లోబడవు.

8. విమర్శలు, పరిమితులు

సమన్వయ సంస్థను ఏర్పాటు చేయడమే మరో అంచె అధికారాన్ని పెంచుతుందన్నది ఒక విమర్శ. స్థానిక సంస్థల్లో పట్టణ ప్రణాళిక నిపుణులు, సర్వేయర్లు తక్కువగా ఉన్నందున ప్రణాళిక బాధ్యతను వెంటనే బదలాయిస్తే నాణ్యత పడిపోతుందని రాష్ట్రాలు వాదిస్తాయి. బదలాయించనిదే ఆ సామర్థ్యం పెరగదని వికేంద్రీకరణ వాదులు బదులిస్తారు. అనధికార లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్, అనధికార భవనాలకు బీఆర్‌ఎస్ పేరిట పదేపదే క్రమబద్ధీకరణ అవకాశం ఇవ్వడం మాస్టర్ ప్లాన్ విలువను తగ్గిస్తుందన్న అభిప్రాయం ఉంది. అందుబాటు ధరలో అధికారిక ప్లాట్లు దొరకని మధ్యతరగతికి, పేదలకు అదే దారి అన్న సమర్థనా ఉంది.

ఈ రూపాలన్నింటిలోనూ అనుభవం తేల్చిన విషయం ఒకటుంది. సమన్వయ సంస్థ ఫలితం దాని పేరు, విస్తీర్ణం కంటే మూడు అధికారాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది: శాఖల పెట్టుబడి ప్రణాళికలను మార్చగల అధికారం, సొంత నిధి, ఎన్నికైన ప్రతినిధులకు జవాబుదారీతనం. మొదటి రెండూ లేని ఉమ్టా వంటి సంస్థ సలహా సంఘంగా మిగులుతుంది. మూడోది లేని అభివృద్ధి సంస్థ రోడ్లు, లేఅవుట్లు నిర్మించగలదు గానీ, 243 జెడ్‌ఇ కోరిన స్థానిక భాగస్వామ్యాన్ని కల్పించజాలదు.